తాడిపత్రి డోలమైట్ గని: డీజీఎంఎస్ తనిఖీకి కార్మికుల కాగితాలు ఏమేం ఉండాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. తాడిపత్రి దగ్గర డోలమైట్ గని లీజు మీ పేరున ఉంది. ఇరవై రెండు మంది పనిచేస్తున్నారు, వాళ్లలో కొందరు కాంట్రాక్టరు తెచ్చిన మనుషులు. వారానికి రెండుసార్లు బ్లాస్టింగ్ ఉంటుంది. పదిహేనేళ్ల అనుభవమున్న మేస్త్రీ పేలుడు మందు పెట్టి పేలుస్తాడు, అతని దగ్గర పెసో (పేలుడు పదార్థాల అనుమతులు చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన షాట్‌ఫైరర్ పర్మిట్ ఉంది. అందరికీ ఆధార్, ఈ-శ్రమ్ కార్డులు ఉన్నాయి. డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్లు తనిఖీకి వస్తే ఇవి చాలుతాయా అని అడిగారు.

చాలవు. ఆధార్ ఆ మనిషి ఎవరో చెబుతుంది. ఈ-శ్రమ్ కార్డు అతను అసంఘటిత రంగ కార్మికుడని చెబుతుంది. గనిలో ఆ పని చేయడానికి అతను తగినవాడని ఈ రెండూ చెప్పవు. దానికి ఒక్కో మనిషికి నాలుగు కాగితాలు కావాలి: ఉద్యోగుల రిజిస్టర్లో ఎంట్రీ, ఫారం-ఓ వైద్య ధ్రువపత్రం, వృత్తి శిక్షణ సర్టిఫికెట్, మేనేజరు సంతకంతో పనికి అధికార పత్రం. వీటికి తోడు గని మొత్తానికి చట్టం అడిగే సర్టిఫికెట్లున్న మనుషులు ఉండాలి. వాళ్లు మేనేజరు, పని దగ్గరుండి చూసే మేట్ లేదా ఫోర్‌మన్, మందు పేల్చే బ్లాస్టర్.

మీ మేస్త్రీ విషయం అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది. పెసో పర్మిట్‌తో గనిలో పేల్చడం కుదరదు. తర్వాతి బ్లాస్టింగ్ ఆపండి. సర్టిఫికెట్ ఉన్న మనిషి వచ్చేదాకా మందు దించుకోవద్దు. మిగతా లోపాలకు తనిఖీ అధికారి గడువు ఇవ్వొచ్చు. సర్టిఫికెట్ లేని మనిషి చేత పేల్పిస్తున్నట్టు కంటపడితే ఆ పనిని అక్కడికక్కడే ఆపమని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకుంది. ఉత్తర్వు మాట పక్కన పెట్టినా, ఆ ఇరవై రెండు మంది ప్రాణాలు ఆ ఒక్కడి చేతి మీద ఆధారపడి ఉన్నాయి.

ఇక వివరాల్లోకి వస్తాను.

ఈ చట్టం మీకు వర్తిస్తుందా?

మన వైపు చాలామంది ఇక్కడే పొరబడతారు. 2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను చిన్న తరహా ఖనిజాల జాబితాలోకి మార్చింది. డోలమైట్, స్టియటైట్ అందులో ఉన్నాయి. వాటి లీజు, రాయల్టీ, పర్మిట్లు అప్పటినుంచి పూర్తిగా రాష్ట్ర గనుల శాఖ చేతిలోకి వచ్చాయి. దాంతో 'మాది మైనర్ మినరల్, డీజీఎంఎస్‌తో మాకేం పని' అనే మాట పుట్టింది. ఆ మార్పు లీజుకు సంబంధించింది మాత్రమే. కార్మికుల భద్రత అప్పుడూ ఇప్పుడూ కేంద్రం చేతిలోనే, ధన్‌బాద్ కేంద్రంగా నడిచే డీజీఎంఎస్ పరిధిలోనే ఉంది.

మినహాయింపు ఒకటి ఉన్న మాట నిజమే. 1952 గనుల చట్టం మూడో సెక్షన్లో మొరం, గ్రావెల్, ఇసుక, బంకమట్టి, కట్టడపు రాయి, రోడ్డు కంకర, సున్నపురాయి లాంటివాటికి మినహాయింపు ఇచ్చారు. ఓపెన్‌కాస్ట్ గని (పైనుంచి తెరిచి తవ్వేది) లోతు ఎక్కడా ఆరు మీటర్లు దాటకూడదు, ఒక్కరోజులో యాభై మందికి మించి పనిచేయకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. ఈ మూడూ కలిసి ఉంటేనే మినహాయింపు. ఒక్కటి తప్పినా పోతుంది. పైగా అలా మినహాయింపు వచ్చినా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టకూడదన్న నిబంధన, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసే అధికారం పోవు. బ్లాస్టింగ్ లేకుండా పైపైన నడిచే నాపరాయి గని దీని కిందికి రావచ్చు. మీ డోలమైట్ ఆ జాబితాలోనే లేదు. లోతు, మనుషుల లెక్క దాకా వెళ్లకుండానే గనుల భద్రత నిబంధనలన్నీ మీకు వర్తిస్తాయి.

కొత్త కోడ్ గురించి కూడా ఒక మాట. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. గనుల చట్టం అందులో కలిసిపోయింది. అంతమాత్రాన పాత ఫారాలు చించేయకండి. కొత్తవి వాటి స్థానంలోకి వచ్చేదాకా పాత చట్టం కింద వచ్చిన నియమాలు, నిబంధనలు కోడ్‌కు విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయి. అంటే 1955 గనుల నియమాలు, 1961 మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్లు (బొగ్గు కాని గనుల నిబంధనలు), 1966 వృత్తి శిక్షణ నియమాలే ఇప్పటికీ మీ ఫైలుకు ఆధారం. కోడ్ అదనంగా అడిగేవాటిలో ఒకటి ప్రతి కార్మికుడికి నియామక పత్రం. అది ఇవ్వడం మొదలుపెట్టండి, కాంట్రాక్టరు మనుషులకు కూడా.

రిజిస్టర్: ఇక్కడ తప్పితే అన్నీ తప్పుతాయి

గనుల నియమాల ప్రకారం ఉద్యోగుల రిజిస్టర్ పేరు ఫారం-బి. 2017లో కేంద్ర కార్మిక శాఖ పలు చట్టాల రిజిస్టర్లన్నీ కలిపి అయిదు ఫారాలు చేసింది. అందులో ఉద్యోగుల రిజిస్టర్ ఫారం-ఎ, జీతాల రిజిస్టర్ ఫారం-బి, హాజరు ఫారం-డి అయ్యాయి. గని గుమాస్తాలను బాగా తికమక పెట్టేది ఇదే. ఫారం-ఓ మీద "ఫారం-బి నంబరు" అని అడిగిన చోట కొందరు జీతాల రిజిస్టర్ వరస నంబరు రాసేస్తారు. అక్కడ రావలసింది ఉద్యోగుల రిజిస్టర్లో ఆ మనిషికి ఇచ్చిన నంబరు. రిజిస్టర్ అట్ట మీదే "ఉద్యోగుల రిజిస్టర్, పాత ఫారం-బి" అని రాసిపెట్టుకుంటే తర్వాత వచ్చే గుమాస్తా తడబడడు.

రిజిస్టర్లో పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, పని రకం, శాశ్వత చిరునామా, ఇప్పుడుంటున్న చిరునామా, గుర్తింపు మచ్చ, ఫోటో, సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. వీటిలో గుర్తింపు మచ్చ గడిని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. అలా వదలకండి. మన ఊళ్లల్లో ఒకే ఇంటి పేరుతో పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు ఉంటారు, తండ్రి పేరు కూడా ఒకటే. ఇద్దరూ ఒకే గనిలో పనిచేస్తుంటే ఎవరి ఎక్స్‌రే ఎవరిదో చెప్పేది ఎడమ మోచేతి కింది మచ్చే.

ఒకసారి ఇచ్చిన నంబరును ఆ మనిషి మానేసినా ఇంకొకరికి ఇవ్వకండి. మానేసిన తేదీ, కారణం రాసి ఆ వరసను అలాగే వదిలేయండి. ఏళ్ల తర్వాత అతనికి ఊపిరితిత్తుల జబ్బు బయటపడినా, అనుభవ పత్రం కావాలని వచ్చినా ఆ నంబరే దారి చూపిస్తుంది.

పేర్ల గురించి కూడా చెప్పాలి. ఆధార్‌లో షేక్ మస్తాన్ వలి, పీఎఫ్‌లో ఎస్. మస్తాన్, శిక్షణ సర్టిఫికెట్ మీద మస్తాన్‌వల్లి అని ఉంటే కాగితం ప్రకారం వాళ్లు ముగ్గురు మనుషులు. ఆధార్‌లో ఉన్న పేరును అక్షరం తేడా లేకుండా అన్నిటి మీదా రాయించండి. ఆధార్‌లోనే తప్పుంటే ముందు అది దిద్దించి తర్వాతి కాగితాలకు వెళ్లండి. పుట్టిన తేదీకి బడి టీసీ ఉంటే దాని నకలు ఫైల్లో పెట్టండి. చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది. నమోదు రోజు నోటితో చెప్పిన వయసు బట్టి వేసిన తేదీ అది. దానికీ మనిషికీ పొంతన లేదనిపిస్తే, ముఖ్యంగా కుర్రవాడు పద్దెనిమిది నిండనట్టు కనిపిస్తే, టీసీ చూడకుండా పనిలోకి తీసుకోకండి.

ఫారం-ఓ

పనిలో చేరకముందు ప్రతి మనిషికీ తొలి వైద్య పరీక్ష జరగాలి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి నియమిత పరీక్ష. రెంటి ఫలితమూ ఫారం-ఓ మీదే వస్తుంది.

పీహెచ్‌సీ డాక్టరు లెటర్‌హెడ్ మీద "ఫిట్ ఫర్ వర్క్" అని రాసిచ్చిన చీటీ ఫారం-ఓ కాదు. చిన్న గనుల ఫైళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఫారం-ఓలో రెండు భాగాలుంటాయి. మొదటిది ధ్రువపత్రం. అందులో మనిషి పేరు, గని పేరు, రిజిస్టర్ నంబరు, చూడ్డానికి ఎన్నేళ్ల వాడిలా ఉన్నాడు, చివరకు డాక్టరు తీర్పు ఉంటాయి. రెండోది జతచేసే నివేదిక. అందులో గుర్తింపు మచ్చలు, ఎడమ బొటనవేలి ముద్ర, ఎత్తు, బరువు, చూపు, వినికిడి, ఊపిరితిత్తుల పనితీరు, ఛాతీ ఎక్స్‌రే వివరాలు ఉంటాయి. రెండో భాగం లేకుండా మొదటి కాగితం మాత్రమే ఫైల్లో ఉంటే పరీక్ష జరిగినట్టు కాదు.

వేలిముద్ర డాక్టరు ఎదుట పడాలి. గని ఆఫీసులోనే ఇరవై ఫారాల మీద ముద్రలు వేయించి ఆస్పత్రికి ఒక్కడినే పంపే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అది కార్మికుడికి చేసే పచ్చి అన్యాయం. ఆ మనిషి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదని, చూసినట్టు రాసుకున్నారని దాని అర్థం.

డాక్టరు తీర్పు మూడు రకాలుగా రావచ్చు. గనిలో ఏ పనికైనా ఆరోగ్యంగా ఉన్నాడు అనేది ఒకటి. ఫలానా జబ్బు వల్ల గని పనికి, లేదా భూగర్భ పనికి, లేదా ఫలానా రకం పనికి తగడు అనేది రెండోది. జబ్బు నయం చేయించుకుని ఇన్ని నెలల్లో మళ్లీ పరీక్షకు రావాలి అనేది మూడోది. మూడోది వచ్చినవాళ్ల మీద కన్నేసి ఉంచాలి. బీపీ ఎక్కువగా ఉంది, మూడు నెలల్లో మళ్లీ రమ్మన్నారనుకోండి, ఆ తేదీ గోడ మీద క్యాలెండర్లో రాసుకోకపోతే ఎవరికీ గుర్తుండదు. గడువు దాటితే అతను పరీక్ష లేకుండా పనిచేస్తున్నట్టే లెక్క. తగడని తేలిన మనిషిని ఇంటికి పంపేసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఆ జబ్బు గని పని వల్లే వచ్చిందైతే అతను చేయగల వేరే పని చూపించాలి, అది లేకపోతే భత్యం లెక్క వస్తుంది. తీర్పు మీద అప్పీలు చేసుకునే హక్కు కార్మికుడికి ఉంది. ఆ మాట అతనికి చెప్పాలి.

ఫారం-ఓ మూడు ప్రతులు తయారవుతాయి. ఒకటి కార్మికుడికి, ఒకటి మేనేజరుకు, ఒకటి పరీక్ష చేసిన డాక్టరు దగ్గర. కార్మికుడి ప్రతి కార్మికుడికే ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. డ్రిల్లింగ్ పని చేసేవాడికి చేరిన రోజు తీసిన ఎక్స్‌రే చాలా విలువైంది. సిలికోసిస్ ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బు, అది పైకి కనిపించడానికి ఏళ్లు పడుతుంది. చేరినప్పుడు ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చెప్పే కాగితం అతని దగ్గర లేకపోతే పదేళ్ల తర్వాత పరిహారం కోసం వెళ్లినప్పుడు ఏ గనీ ఒప్పుకోదు. అలాగే పాత గనిలోనే జబ్బు మొదలైన మనిషి మీ దగ్గరికి వస్తే, మీ తొలి పరీక్షలో అది నమోదు కాకపోతే ఆ భారం మీ మీద పడుతుంది.

వృత్తి శిక్షణ

కొత్తగా గనిలో చేరేవాడు 1966 నియమాల ప్రకారం శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే పనిలోకి దిగాలి. ఓపెన్‌కాస్ట్‌కు, భూగర్భ గనికి శిక్షణ వేర్వేరు. తాడిపత్రి, యర్రగుంట్ల, కొలిమిగుండ్ల వైపు సిమెంటు కంపెనీల పెద్ద గనులు ఉన్నాయి, అలాంటి చోట శిక్షణ కేంద్రాలుంటాయి. సొంతంగా కేంద్రం పెట్టుకోలేని చిన్న గనులు కలిసి గ్రూపు కేంద్రంలో చేర్పించవచ్చు. అయిదేళ్లకోసారి పునశ్చరణ శిక్షణ తప్పనిసరి. డ్రిల్లర్ లాంటి కొన్ని పనులకు మామూలు శిక్షణ మీద ప్రత్యేక శిక్షణ కూడా ఉంది. శిక్షణ రోజులకు కూలి మీరే ఇవ్వాలి, జీతంలో కోయకూడదు.

ఇందులో పట్టుబడే తప్పు తేదీలది. శిక్షణ సర్టిఫికెట్ మీదున్న రోజుల్లోనే ఆ మనిషి హాజరు పట్టీలో గనిలో పూర్తి డ్యూటీ చేసినట్టు ఉంటుంది. ఒకే మనిషి ఒకే రోజు రెండు చోట్ల ఉండడు కాబట్టి రెంటిలో ఒకటి అబద్ధమని అధికారికి చూడగానే తెలిసిపోతుంది. ఆ తర్వాత మిగతా ఏ కాగితాన్నీ ఆయన నమ్మడు.

సర్టిఫికెట్లు ఉండాల్సిన మనుషులు

మేనేజరు లేకుండా గని నడపకూడదు. మీది చిన్న ఓపెన్‌కాస్ట్ గని కాబట్టి ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ మేనేజరు సర్టిఫికెట్ ఉన్న మనిషి దొరకడం కష్టమైతే 1961 రెగ్యులేషన్లలోని 34(6) కింద సడలింపు అడగవచ్చు. ఫోర్‌మన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు, మైనింగ్ చదివినవాళ్లు ఈ దారిలోనే చిన్న గనులకు మేనేజర్లుగా ఉంటున్నారు. ఆ అనుమతి ఆ గనికి, ఆ మనిషికి ఇచ్చేది. అతను మానేసి ఇంకొకరు వస్తే పాత లెటరు పనిచేయదు, కొత్తగా అడగాలి. మేనేజరు నియామకం, మార్పు జరిగిన వెంటనే ఫారం-1లో డీజీఎంఎస్‌కు తెలియజేయాలి. దాని రసీదు ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి. ఒకే మేనేజరు నాలుగైదు గనుల్లో పేరు పెట్టుకుని ఎక్కడా కనిపించకపోవడం అధికారులకు బాగా తెలిసిన సంగతి. ఆయన మీ గనికి ఏ రోజుల్లో వస్తాడో, వచ్చిన రోజు ఏం చూశాడో డైరీలో ఆయన చేతిరాతతోనే ఉండాలి.

మేట్ అంటే పని జరిగే చోట ఆ షిఫ్టు బాధ్యత మోసే మనిషి. పని మొదలయ్యే ముందు బెంచి (గనిలో మెట్టులా తవ్విన గట్టు) అంచు, వదులుగా ఉన్న రాళ్లు, ఇంతకుముందు పేలని మందు ఏమైనా మిగిలిందా అని చూసి రాసి సంతకం చేయాలి. అధికారి ఈ రిపోర్టు పుస్తకాన్ని, హాజరు పట్టీని పక్కపక్కన పెట్టి చూస్తాడు. మేట్ సెలవులో ఉన్న రోజు కూడా రిపోర్టు మీద అతని సంతకం ఉందంటే అది ముందే వేసి పెట్టిన సంతకమని తెలిసిపోతుంది. కాబట్టి మేట్ సెలవు పెడితే అతని స్థానంలో సర్టిఫికెట్ ఉన్న రెండో మనిషి ఉండాలి. ఒక్క మేట్‌తో నడిచే గని ఏదో ఒకరోజు ఇబ్బందిలో పడుతుంది.

సర్టిఫికెట్ మీద 'ఓపెన్‌కాస్ట్ గనులకు మాత్రమే' అన్న పరిమితి ఉందేమో చూడండి. మీకు అది చాలు. అదే మనిషి తుమ్మలపల్లె యురేనియం గని లాంటి భూగర్భ గనికి వెళ్తే అది చెల్లదు.

మేట్, ఫోర్‌మన్, బ్లాస్టర్ పనిలో చేరినప్పుడు అసలు సర్టిఫికెట్‌ను మేనేజరుకు అప్పగించాలి, మేనేజరు రసీదు ఇవ్వాలి, మానేసిన రోజు తిరిగి ఇచ్చేయాలి. జిరాక్స్ పెట్టుకుని అసలు ఎక్కడుందో తెలియకపోతే అదే మనిషి ఇంకో రెండు గనుల్లో కూడా పేరు పెట్టుకున్నాడేమోనన్న అనుమానం వస్తుంది. చాలాసార్లు అది నిజం కూడా. అలాగని మనిషి వెళ్లిపోకుండా కట్టేయడానికి సర్టిఫికెట్‌ను దగ్గర పెట్టుకోవడం తప్పు. అది అతని ఆస్తి. సర్టిఫికెట్ ఉన్నవాడికి అరవై దాటితే గత ఏడాదిలోపు తీసుకున్న వైద్య ధ్రువపత్రం లేకుండా ఆ పని చేయించకూడదు. ఇది కూడా ఫైల్లో తరచూ తప్పిపోయే కాగితమే.

మీ మేస్త్రీ సంగతి

పెసో షాట్‌ఫైరర్ పర్మిట్ పేలుడు పదార్థాల నియమాల కింద ఇచ్చేది. బావులు తవ్వడం, రోడ్డు పనులు లాంటి గని కాని చోట్లకు అది పనికొస్తుంది. గనిలో మందు పెట్టడం, మట్టితో కూరడం, పేల్చడం మేనేజర్, ఫోర్‌మన్, మేట్, బ్లాస్టర్ సర్టిఫికెట్లలో ఏదో ఒకటి ఉన్న మనిషి చేయాలి, లేదా అతను దగ్గరుండి చేయించాలి. రెండు పర్మిట్ల మధ్య తేడా తెలియక మన జిల్లాల్లో చాలా గనులు ఇరుక్కుంటాయి.

ఇంకో సంగతి. రాయి ఎంత పడితే అంత కూలి అనే లెక్కలో డబ్బు తీసుకునే మనిషిని బ్లాస్టర్‌గా పెట్టకూడదని నిబంధన ఉంది. ఎక్కువ రాయి పడాలని ఎక్కువ మందు పెడతాడు కాబట్టే అలా రాశారు. మీ మేస్త్రీకి టన్నుకింత అని ఇస్తున్నట్టయితే సర్టిఫికెట్ వచ్చినా ఆ లెక్క మార్చి నెలజీతం చేయాలి.

బయటి బ్లాస్టింగ్ కాంట్రాక్టరును పిలిచినా బాధ్యత మీ మేనేజరుదే. ఆ బ్లాస్టర్ అసలు సర్టిఫికెట్ మీ ఆఫీసులో ఉండాలి, మీ మేనేజరు అతనికి మీ గనికి రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి, ఎన్ని రంధ్రాలు పేల్చాడు, ఎంత మందు వాడాడు, ఎంత తిరిగి అప్పగించాడు, పేలనివి ఎన్ని అన్నది ఆ రోజే రాసి సంతకం చేయాలి. మందు తెచ్చిన బండి డెలివరీ కాగితంలో ఉన్న పరిమాణం, ఈ రాత ఒకదానితో ఒకటి సరిపోవాలి.

మేస్త్రీని వదులుకోవాల్సిన పని లేదు. ఇప్పటికి సర్టిఫికెట్ ఉన్న బ్లాస్టర్ కింద సహాయకుడిగా పెట్టండి. ఈలోగా అతని చేత బ్లాస్టర్ పరీక్షకు, వీలైతే మేట్ పరీక్షకు దరఖాస్తు పెట్టించండి. మేట్ పరీక్షకు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కావాలి, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల దగ్గర శిక్షణ తీసుకోవచ్చు. అసలు చిక్కు అనుభవ పత్రం దగ్గర వస్తుంది. అతని పదిహేనేళ్ల పని ఏ గని రిజిస్టర్లో ఉంది? పాత యజమానులు పేరు రాయకపోతే ఆ ఏళ్లన్నీ కాగితం మీద లేనట్టే. పాత గనుల్లో ఇప్పటికీ నడుస్తున్నవి ఉంటే అక్కడి మేనేజరును కలిసి రిజిస్టర్, జీతాల పట్టీలు, పీఎఫ్ పాస్‌బుక్ ఆధారంగా ఎన్నేళ్లు నిజంగా రుజువవుతాయో అంతవరకే రాయించుకోండి. డబ్బిచ్చి కొన్న అనుభవ పత్రం జోలికి పోవద్దు. ఆ గని రికార్డులతో సరిపోల్చి చూస్తే పరీక్ష అవకాశమే పోతుంది.

అధికార పత్రాలు

డ్రిల్లర్, కంప్రెషర్ ఆపరేటర్, ఎక్స్‌కవేటర్, టిప్పర్ డ్రైవర్లకు మేనేజరు విడివిడిగా రాసి ఇవ్వాలి. ఫలానా యంత్రం, ఫలానా చోట, ఫలానా తేదీ నుంచి అని స్పష్టంగా ఉండాలి. "అన్ని పనులకూ" అని రాసిన పత్రం ఏ పనికీ చెల్లదు. ఇలాంటి పనికి నియమించే మనిషికి ఇరవై ఏళ్లు నిండి ఉండాలి. టిప్పర్ డ్రైవరు లైసెన్సు గడువు తేదీని పత్రం మీదే రాసుకోండి. పత్రంలో ఏముందో తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని అతని సంతకం తీసుకోండి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లకు హిందీలో చెప్పించండి. కరెంటు వాడుతున్నట్టయితే గనులకు చెల్లే కాంపిటెన్సీ ఉన్న ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ నియామకం కూడా చూసుకోండి.

కాంట్రాక్టరు మనుషులు

"వాళ్లు మా మనుషులు కాదు" అనే జవాబు చెల్లదు. గని గేటు లోపల పనిచేసే ప్రతి మనిషి మీ రిజిస్టర్లో ఉండాలి, ఫారం-ఓ, శిక్షణ ఉండాలి. కాంట్రాక్టరు మనుషులను వారానికోసారి మారుస్తుంటే ఇది అసాధ్యమవుతుంది. కాబట్టి కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ఒక షరతు పెట్టండి: రిజిస్టర్ నంబరు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు లేని మనిషి గేటు దాటడు. కార్డు మీద గని పేరు, రిజిస్టర్ నంబరు, పని రకం, బ్లడ్ గ్రూపు, తర్వాతి వైద్య పరీక్ష తేదీ వేయిస్తే గేటు దగ్గర వాచ్‌మన్‌కే అన్నీ తెలుస్తాయి.

ఇప్పుడు ఏ వరసలో చేయాలి

తేదీల వరస ఇది: ముందు వైద్య పరీక్ష, తర్వాత శిక్షణ, తర్వాత అధికార పత్రం, ఆ తర్వాతే ఆ పనిలో మొదటి హాజరు. రిజిస్టర్ నంబరు వీటన్నిటికన్నా ముందు కేటాయించవచ్చు, ఎందుకంటే ఫారం-ఓ మీద అది రాయాలి. మీ దగ్గర ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల విషయంలో ఈ వరస తప్పిపోయింది. దాన్ని సరిచేయాలని పాత తేదీలు వేయకండి. పరీక్ష ఈ నెలలో జరిగితే ఈ నెల తేదీయే ఉండాలి. లోపం ఉంది, ఫలానా తేదీ నుంచి సరిచేస్తున్నాం అని మేనేజరు చేత రాయించి ఫైల్లో పెట్టండి. ఆలస్యాన్ని అధికారి రాతలో ఎత్తిచూపి గడువు ఇస్తాడు. పాత తేదీ వేసి దొరికితే అది రికార్డు తారుమారు చేసిన కేసు అవుతుంది.

మొదట డ్రిల్లర్లను, బ్లాస్టింగ్ సహాయకులను, డ్రైవర్లను వైద్య పరీక్షకు పంపండి. వాళ్లకే ప్రమాదం ఎక్కువ, వాళ్ల కాగితాలే ముందు అడుగుతారు. తర్వాత మిగతావాళ్లు. అందర్నీ ఒకే రోజు పంపితే గని ఆగుతుంది కాబట్టి రోజుకు నలుగురైదుగురు చొప్పున పంపండి. ఆస్పత్రిలో ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష, వినికిడి పరీక్ష మూడూ ఉన్నాయా అని ముందే కనుక్కోండి. లేకపోతే రెండోసారి తిప్పాల్సి వస్తుంది.

ఒక్కో కార్మికుడికి ఒక్కో ఫైలు పెట్టండి. రిజిస్టర్ పేజీ నకలు, ఆధార్, టీసీ, నియామక పత్రం, ఫారం-ఓ రెండు భాగాలు, శిక్షణ సర్టిఫికెట్, అధికార పత్రం. అట్ట మీద రెండే తేదీలు పెద్దగా రాయండి, తర్వాతి వైద్య పరీక్ష, తర్వాతి పునశ్చరణ శిక్షణ.

ఎవరైనా పని మానేస్తుంటే ఆ రోజే అనుభవ పత్రం ఇవ్వండి. గని పేరు, ఊరు, మండలం, ఖనిజం, రిజిస్టర్ నంబరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఏ పనిలో ఎన్ని నెలలు, ఓపెన్‌కాస్టా భూగర్భమా, మేనేజరు పేరు, ఆయన సర్టిఫికెట్ లేదా అనుమతి నంబరు, సంతకం, ముద్ర. ఇవన్నీ ఉంటేనే రేపు పరీక్ష బోర్డు ముందు అది నిలబడుతుంది.